పాత మౌంటెన్ బైక్‌కు ఎక్కువ ట్రావెల్ ఉన్న సస్పెన్షన్ ఫోర్కు బిగించడం: సమగ్ర మార్గదర్శి

నెల్లూరు నుంచి ఆత్మకూరు దాటి ఉదయగిరి వైపు వెళ్లేకొద్దీ తారురోడ్డు పక్కనుంచి ఎర్రమట్టి బాటలు, గులకరాళ్ల దారులు చీలిపోతుంటాయి. పాత మౌంటెన్ బైక్ మీద అటు తిరిగినవారికి ముందు ఫోర్కు చాలడం లేదని మణికట్లే చెబుతాయి. 2000కు అటూ ఇటూ తయారైన 26 అంగుళాల సైకిళ్లలో చాలావాటికి 63 నుంచి 80 మిల్లీమీటర్ల మేర కుంగే ఫోర్కులే వచ్చేవి. ఇప్పుడు 100, 120 మి.మీ. ఫోర్కులు సాధారణమైపోయాయి కాబట్టి పాత చట్రం మంచిదైతే దానికి కొత్త ఫోర్కు తొడగాలన్న ఆలోచన రావడం సహజం. ఆ పని చేయవచ్చు. అయితే కొనేటప్పుడు అందరూ చూసేది ట్రావెల్ అంకెను, అంటే ఫోర్కు ఎంత కుంగుతుందో తెలిపే సంఖ్యను. చట్రానికి మాత్రం ఆ అంకెతో నేరుగా సంబంధం లేదు. దానికి కావలసినది ఫోర్కు మొత్తం పొడవు. ఈ వ్యాసంలోని నిర్ణయాలన్నీ ఆ పొడవు చుట్టూనే తిరుగుతాయి.

అసలు అవసరముందా?

మీరు తొక్కేది పెన్నా డెల్టా కాలువ కట్టల మీద, మైపాడు దారుల్లో, చేల గట్ల వెంబడి అయితే ఈ ఖర్చు దండగ. ఇసుకలో సైకిలు కూరుకుపోవడాన్ని సస్పెన్షన్ ఆపదు. వెడల్పు టైరు, అందులో కాస్త తక్కువ గాలి ఆపుతాయి. ఒంగోలు పడమటి మెట్ట ప్రాంతంలోనో, ఉదయగిరి కొండల అడుగునో పిడికెడు పరిమాణపు రాళ్లు తేలిన దిగుడు దారుల్లో తరచూ తిరిగేవారికే అదనపు 20 మి.మీ. వల్ల ప్రయోజనం కనిపిస్తుంది. ఇంకొక సంగతి కూడా ఉంది. పాత 80 మి.మీ. ఫోర్కు బిగుసుకుపోయి 30 మి.మీ. మాత్రమే కుంగుతున్నదైతే, దాన్ని విప్పి శుభ్రం చేసి సీళ్లు మార్చి, తగిన నూనె వేయించడమే తక్కువ ఖర్చుతో అయ్యే మేలు.

పొడవును కొలవడం, లెక్క వేయడం

సైకిలును చదును నేల మీద నిలబెట్టి, ఎవరూ ఎక్కకుండా, ముందు చక్రం ఇరుసు నడిమధ్య నుంచి ఫోర్కు క్రౌన్ (రెండు కాళ్లను పైన కలిపే అడ్డు భాగం) పైభాగంలో, హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరగడానికి ఉండే గోళీల బేరింగు) అడుగు రేసు, అంటే గోళీలు దొర్లే వలయం, కూర్చునే అంచు వరకు టేపుతో కొలవండి. స్ప్రింగు వాలిపోయిన పాత ఫోర్కయితే సైకిలు ముందుభాగాన్ని పైకెత్తి, ఫోర్కు పూర్తిగా సాగిన తరువాతే కొలవాలి. 26 అంగుళాల చక్రానికి చేసిన 80 మి.మీ. ఫోర్కు సుమారు 450 మి.మీ., 100 మి.మీ. ఫోర్కు సుమారు 470 మి.మీ. పొడవుంటాయి. 120 మి.మీ. ఫోర్కు 490 దాటుతుంది. ఒకే ట్రావెల్ ఉన్న రెండు కంపెనీల ఫోర్కుల మధ్య 10 మి.మీ. తేడా కూడా ఉండవచ్చు కాబట్టి కొనబోయే ఫోర్కు పొడవును తయారీదారు ఇచ్చిన వివరాల పట్టికలోనే చూసుకోవాలి. 27.5 అంగుళాల చక్రానికి చేసిన ఫోర్కులో 26 అంగుళాల చక్రం బాగానే తిరుగుతుంది, కానీ అదే ట్రావెల్‌కు అది ఇంకా పొడవుగా ఉంటుందని మరవకూడదు.

మనిషి కూర్చోగానే ఫోర్కు కొంత కుంగుతుంది. దీన్నే సాగ్ అంటారు. వెనుక సస్పెన్షన్ లేని సైకిలుకు మొత్తం ట్రావెల్‌లో అయిదో వంతు సాగ్ ఉంటే సరిపోతుంది. అసలైన పోలిక కుంగిన పొడవుల మధ్యనే చేయాలి. ఉదాహరణకు 450 మి.మీ. పొడవున్న 80 మి.మీ. ఫోర్కు 16 మి.మీ. కుంగితే 434 మిగులుతుంది. 470 పొడవున్న 100 మి.మీ. ఫోర్కు 20 కుంగి 450 వద్ద నిలుస్తుంది. తేడా 16 మి.మీ. అదే 495 పొడవున్న 120 మి.మీ. ఫోర్కు అయితే 24 కుంగి 471 దగ్గర ఆగుతుంది; తేడా 37 మి.మీ.

ఈ తేడా చక్రాల మధ్య దూరంతో, అంటే సుమారు 1,050 మి.మీ.తో కలిసి పనిచేస్తుంది. సైకిలు వెనుక ఇరుసు మీద తిరిగినట్టుగా ముందుభాగం పైకి లేస్తుంది కాబట్టి 16 మి.మీ.కు హెడ్ ట్యూబ్ (చట్రం ముందు కొసన ఫోర్కు దూరే గొట్టం) వాలు ఒక డిగ్రీకి కాస్త తక్కువ మారుతుంది, 37 మి.మీ.కు దాదాపు రెండు డిగ్రీలు మారుతుంది. సీటు గొట్టం కూడా అంతే వెనక్కి వాలుతుంది. పెడల్ ఇరుసు మొదటి సందర్భంలో 6 మి.మీ., రెండో సందర్భంలో 14 మి.మీ. దాకా పైకి లేస్తుంది. 71 డిగ్రీల హెడ్ ట్యూబ్ 70కి రావడం దిగుడులో హాయినిస్తుంది. 69కి వస్తే మాత్రం నిదానంగా ఎక్కే చోట ముందు చక్రం తనంతట తాను పక్కకు ఒరుగుతూ, దారి తప్పుతున్నట్టు అనిపిస్తుంది.

లెక్కలు నచ్చనివారికి ఒక సులువు ఉంది. ముందు టైరు కింద లెక్కలో వచ్చిన తేడా మందమున్న చెక్కముక్క పెట్టి, గోడకు ఆనుకుని సీటు మీద కూర్చోండి. సీటు ముక్కు ఎంత లేచిందో, హ్యాండిల్ ఎంత దగ్గరికి వచ్చిందో, కాలు నేలకు ఎంత అందుతుందో ఒళ్లే చెబుతుంది. చెక్క పెట్టకముందు, పెట్టిన తరువాత ఫోనులోని కోణమాపకాన్ని హెడ్ ట్యూబ్‌కు ఆనించి చూస్తే డిగ్రీల తేడా కూడా దొరుకుతుంది. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా కొత్త ఫోర్కు ప్రభావాన్ని ముందే చూడవచ్చు. ఈ పరీక్ష చేయకుండా ఫోర్కు కొనడాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను.

నా అభిప్రాయంలో చట్రం ఏ ట్రావెల్ కోసం తయారైందో దానికి 20 మి.మీ. మించి పోకూడదు. 80 ఉన్నదానికి 100 వేయవచ్చు. 63 ఉన్నదానికి 80తో ఆగడం మంచిది. 130, 140 మి.మీ. ఫోర్కు చవకగా దొరికిందని ఆశపడితే అది సైకిలును పాడుచేస్తుంది. 120 మి.మీ. ఫోర్కే దొరికితే, దాని లోపల స్పేసర్ (కుంగే దూరాన్ని తగ్గించే ముక్క) వేసిగాని, గాలి స్ప్రింగు కడ్డీ మార్చిగాని ట్రావెల్‌ను 100కు తగ్గించే వీలుందేమో అడగండి. చాలా ఫోర్కుల్లో ఆ ఏర్పాటు ఉంటుంది, తగ్గించినంత మేరా ఫోర్కు పొడవు కూడా తగ్గుతుంది.

చట్రం తట్టుకుంటుందా?

పొడవైన ఫోర్కు పొడవైన మీట లాంటిది. రాయి తగిలిన ప్రతిసారీ హెడ్ ట్యూబ్‌ను వెనక్కి విరవబోతుంది. ఆ బలమంతా హెడ్ ట్యూబ్, డౌన్ ట్యూబ్ (అక్కడి నుంచి పెడల్ ఇరుసు వైపు దిగే గొట్టం) కలిసే వెల్డింగు మీద పడుతుంది. కాబట్టి ఆ చోటును కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడిచి, పగటి వెలుతురులో, వీలైతే భూతద్దంతో చూడాలి. వెల్డింగు అంచు వెంబడి వెంట్రుకలాంటి గీత, రంగు కింద ఉబ్బు, తుడిచాక మళ్లీ మళ్లీ కనిపించే సన్నని తుప్పు చార, డౌన్ ట్యూబ్ అడుగున ముడత: వీటిలో ఏది కనిపించినా పనిని అక్కడితో ఆపేయండి. ఇనుప చట్రం అలసిపోయినా కొంత ముందుగా హెచ్చరిస్తుంది. అల్యూమినియం చట్రానికి ఆ దయ తక్కువ.

ఏ ఫోర్కు ఇముడుతుంది?

ఇక్కడే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం. ఫోర్కు మీద నిలువుగా ఉండి హెడ్ ట్యూబ్ గుండా పైకి వచ్చే గొట్టం స్టీరర్. పాత సైకిళ్లలో ఎక్కువగా కనిపించేది ఒకటీ ఎనిమిదో వంతు అంగుళం, అంటే 28.6 మి.మీ. వ్యాసమున్న నిటారు స్టీరర్. దానికి సరిపడే హెడ్ ట్యూబ్ లోపలి వ్యాసం 34 మి.మీ. ఇప్పటి ఫోర్కుల్లో చాలావరకు స్టీరర్ పైన అదే కొలతలో ఉండి, కిందికి వచ్చేసరికి ఒకటిన్నర అంగుళానికి లావెక్కుతుంది. అలాంటిది 34 మి.మీ. హెడ్ ట్యూబ్‌లో పట్టదు, దానికి ఏ అడాప్టరూ లేదు. హెడ్ ట్యూబ్ లోపలి వ్యాసం 44 మి.మీ. ఉంటే మాత్రం బయటికి ఉబ్బి ఉండే హెడ్‌సెట్ అడుగు కప్పుతో దాన్ని వాడుకోవచ్చు, ఆ కప్పు మందం కూడా మీ పొడవు లెక్కలో కలపాలి.

పాత సైకిలుకు స్టీరర్ పైన మరలు చెక్కి, పెద్ద నట్టుతో బిగించి ఉంటే, హ్యాండిల్ కాడను పైకి లాగి దాని వ్యాసం కొలవండి. 25.4 మి.మీ. వస్తే స్టీరర్ సాధారణంగా 28.6 మి.మీ.ది; అదే నిజమైతే మరలు లేని కొత్త తరహా హెడ్‌సెట్, దానికి తగ్గ స్టెమ్ (హ్యాండిల్‌ను స్టీరర్‌కు బిగించే భాగం) కొని మారవచ్చు. 22.2 మి.మీ. వస్తే అది సాధారణంగా ఒక అంగుళం స్టీరర్, దానికి సరిపోయే మంచి సస్పెన్షన్ ఫోర్కు ఇప్పుడు కొత్తగా దొరకదనే అనుకోండి. సెకండ్‌హ్యాండ్ ఫోర్కు అయితే స్టీరర్‌ను ముందు యజమాని ఎంత పొడవుకు కోశాడో అడిగి తెలుసుకోకుండా డబ్బు పంపకండి. పొట్టి స్టీరర్‌ను ఎవరూ పొడిగించలేరు.

రెండోది బ్రేకు. ఇప్పుడు వచ్చే మెరుగైన ఫోర్కుల్లో చాలావాటికి వి బ్రేకు (చక్రం రిమ్మును రెండు పక్కల నుంచి నొక్కేది) బిగించే కొమ్ములు ఉండవు, డిస్క్ కాలిపర్‌కు, అంటే డిస్కును నొక్కిపట్టే భాగానికి, మాత్రమే చోటుంటుంది. మీ ముందు హబ్‌కు (చక్రం నడిమి భాగానికి) డిస్క్ బిగించే వీలు లేకపోతే చక్రం కూడా మార్చవలసి వస్తుంది. మౌంటెన్ బైకుల కోసమే చేసిన కేబుల్ డిస్క్ కాలిపర్ తీసుకుంటే పాత వి బ్రేకు లీవరు అలాగే పనికొస్తుంది. రోడ్డు సైకిళ్ల కోసం చేసిన కాలిపర్‌కు ఆ లీవరు సరిపడదు.

మూడోది ఇరుసు. పాత హబ్‌లకు 9 మి.మీ. క్విక్ రిలీజ్ (మీటతో బిగించి వదిలే ఇరుసు), 100 మి.మీ. వెడల్పు ఉంటాయి. హబ్ గుండా దూరిపోయే 15 మి.మీ. ఇరుసున్న ఫోర్కులో ఆ హబ్ కూర్చోదు. ఈ మూడూ కుదిరిన ఫోర్కు మన ఊరి దుకాణాల్లో దొరకడం అరుదు. చెన్నై నుంచో, ఆన్‌లైన్‌లోనో తెప్పించుకోవలసి వస్తుంది కాబట్టి కొలతలన్నీ ఒక కాగితం మీద రాసుకుని, అమ్మేవారితో ఒక్కొక్కటిగా సరిచూసుకోండి.

విప్పడం, పాత రేసు తీయడం

కావలసిన పనిముట్లు తక్కువే: 4, 5, 6 మి.మీ. ఎలెన్ కీలు, సన్నని పళ్ల హ్యాక్సా బ్లేడు, ఆకురాయి, సుత్తి, గ్రీజు, వెర్నియర్ కాలిపర్, వీలైతే టార్క్ రెంచి. గాలి ఫోర్కయితే షాక్ పంపు తప్పనిసరి. సైకిలు టైరు పంపుతో అందులో గాలి కొట్టకూడదు, ఎందుకంటే ఫోర్కు లోపలి గది చిన్నది; గొట్టం ఊడదీసేటప్పుడు పోయే కాస్త గాలికే పీడనం చాలా పడిపోతుంది.

ముందు చక్రం, బ్రేకు తీసివేసి, పైమూత బోల్టు విప్పి, స్టెమ్ పక్క బోల్టులు వదులు చేయగానే ఫోర్కు కిందికి జారుతుంది కాబట్టి దాన్ని ఒక చేత్తో పట్టుకుని ఉండాలి. గోళీలు, సీళ్లు, వాషర్లు ఏ వరుసలో, ఏ వైపు తిరిగి ఉన్నాయో ఫోటో తీసుకోండి. కప్పుల్లో గుంటలు పడి ఉంటే, హ్యాండిల్ నేరుగా ఉన్నప్పుడు ఒకచోట కొక్కెం పడ్డట్టు ఆగుతుంటే హెడ్‌సెట్ మొత్తం మార్చండి. కొత్త కప్పులు ఎక్కించడానికి 12 మి.మీ. త్రెడ్ రాడ్డు, రెండు నట్లు, పెద్ద వాషర్లు ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా దొరుకుతాయి. సుత్తితో కొట్టడం కంటే నట్టు తిప్పుతూ నిదానంగా లోపలికి లాగడం వల్ల కప్పు వంకర పోదు.

పాత ఫోర్కు మీది అడుగు రేసును చుట్టూ కొంచెం కొంచెంగా తట్టుతూ తీయాలి. ఊళ్లోని సైకిల్ మేస్త్రీలు చక్రం వంకర తీయడంలో సిద్ధహస్తులు, కానీ ఈ రేసు మీద ఉలి పెట్టి ఒకే దెబ్బ వేసే అలవాటు కొందరికి ఉంది. ఆ దెబ్బకు రేసు అంచు లేచిందంటే ఇక పనికిరాదు. కొత్త ఫోర్కు మీద రేసు కూర్చునే చోటును తుడిచి, పలుచగా గ్రీజు రాసి, రేసును పెట్టి, 30 మి.మీ. కంటే కొద్దిగా ఎక్కువ లోపలి వ్యాసమున్న గొట్టాన్ని స్టీరర్ మీదుగా దించి, గొట్టం పైన చెక్క పెట్టి తట్టండి. గొట్టం అంచు రేసు లోపలి వలయాన్ని తాకాలి తప్ప గోళీలు దొర్లే దారిని తాకకూడదు. ఫోర్కు కాళ్లను నేలకు ఆనించకుండా క్రౌన్ కింద చెక్క పెట్టి నిలిపితే దెబ్బ లోపలి భాగాలకు చేరదు. రేసు పూర్తిగా కూర్చున్నప్పుడు తట్టిన చప్పుడు గుల్లగా కాకుండా గట్టిగా మారుతుంది. చుట్టూ వెలుతురు కనిపించే సందు ఉండదు. సరైన గొట్టం లేకపోతే లేత్ షాపులో చేయించుకోండి, అది పెద్ద పనేమీ కాదు.

స్టీరర్ కొయ్యడం

కోసే ముందు ఫోర్కును హెడ్ ట్యూబ్‌లో పూర్తిగా అమర్చి, కప్పులు, స్పేసర్లు (స్టెమ్ ఎత్తు సరిచేసే వలయాలు), స్టెమ్ అన్నీ ఎక్కించి, స్టెమ్ పై అంచు దగ్గర గీత గీయండి. ఆ గీతకు 3 మి.మీ. కిందుగా కోయాలి, అప్పుడే పైమూత స్టెమ్‌ను నొక్కగలుగుతుంది. అనుమానముంటే స్టెమ్ కింద 20 మి.మీ. స్పేసర్లు ఉంచి పొడవుగానే కోయండి. తరువాత మళ్లీ తగ్గించుకోవచ్చు. పాత స్టెమ్ ఒకటి ఉంటే దాన్ని గీత దగ్గర బిగించి దాని అంచు వెంబడి బ్లేడు నడిపితే కోత నిటారుగా వస్తుంది. కోసిన అంచును లోపలా బయటా ఆకురాయితో నున్నగా చేసి, రజను పూర్తిగా దులిపి, స్టార్ నట్టును (పైమూత బోల్టు బిగిసే నట్టును) పై అంచుకు 15 మి.మీ. లోపలికి, వంకర లేకుండా దించండి.

కూర్చడం, సందులు చూడడం

కప్పుల్లో గ్రీజు ధారాళంగా నింపి అంతా కూర్చాక, మొదట పైమూత బోల్టును మాత్రమే మెల్లగా బిగించాలి. ఈ బోల్టు పని హ్యాండిల్‌ను పట్టి ఉంచడం కాదు, గోళీల మధ్య ఆట తీసివేయడమే. ముందు బ్రేకు నొక్కి సైకిలును ముందుకూ వెనక్కీ ఊపుతూ, అడుగు కప్పు మీద వేలు పెట్టి చూస్తే ఆట ఉన్నదీ లేనిదీ చర్మానికి తెలుస్తుంది. ఆట పోయేంతవరకే బిగించి, సైకిలు ముందుభాగాన్ని ఎత్తినప్పుడు హ్యాండిల్ దాని బరువుతో అదే పక్కకు వాలుతుందో లేదో చూడండి. ఆ తరువాత హ్యాండిల్‌ను చక్రానికి నేరుగా సరిచేసి, స్టెమ్ పక్క బోల్టులను దాని మీద రాసి ఉన్న టార్క్‌కు, సాధారణంగా 5 నుంచి 6 న్యూటన్ మీటర్లకు, ఒకదాని తరువాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి.

ఇప్పుడు హ్యాండిల్‌ను రెండు పక్కలకూ చివరిదాకా తిప్పండి. కొత్త ఫోర్కుల క్రౌన్ మీద గాలి మూత, లాకౌట్ మీట (ఫోర్కు కుంగకుండా ఆపేది) పైకి పొడుచుకుని ఉంటాయి. పాత చట్రాల డౌన్ ట్యూబ్ కిందికి దిగి ఉండడం వల్ల అవి దానికి తగలవచ్చు. పడిపోయినప్పుడు ఆ మీట డౌన్ ట్యూబ్‌లో సొట్ట పెడుతుంది, సొట్ట పడ్డ చోటే చట్రం విరుగుతుంది. కాస్త ఎత్తైన అడుగు కప్పు వేయడమే దీనికి మార్గం. తరువాత ఫోర్కులోని గాలి మొత్తం తీసి, మీ బరువుతో పూర్తిగా కుంగదీసి, టైరుకూ క్రౌన్‌కూ మధ్య కనీసం 6 మి.మీ. సందు మిగులుతుందో లేదో చూడండి. స్ప్రింగు ఫోర్కయితే స్ప్రింగు తీసి చూడాలి. ఈ పని విసుగనిపించినా వదలకండి. దిగుడులో టైరు క్రౌన్‌కు తగిలితే చక్రం ఒక్కసారిగా ఆగిపోతుంది.

బ్రేకు కేబులు హ్యాండిల్ తిప్పినా, ఫోర్కు సాగినా లాగబడకుండా చాలినంత పొడవుండాలి. డిస్క్ బ్రేకు వేసినప్పుడు, బ్రేకు నొక్కిన ప్రతిసారీ కాలిపర్ ప్రతిబలం ఇరుసును ఫోర్కు కొసల నుంచి కిందికి తోయబోతుంది. అందుకే క్విక్ రిలీజ్‌ను గట్టిగా మూయాలి, ఫోర్కు కొసల్లో ఇరుసు జారకుండా ఉండే చిన్న అంచులను సౌకర్యం కోసం రాయించివేయకూడదు.

గాలి, సాగ్, కూర్చునే తీరు

ఫోర్కు కాలి మీద ముద్రించిన పట్టికలో మీ బరువుకు ఇచ్చిన పీడనంతో మొదలుపెట్టండి. లోపలికి జారే కాలికి రబ్బరు వలయం లేకపోతే ఒక కేబుల్ టై వదులుగా చుట్టి సీలు దాకా దించి, సైకిలు మీద ఊపకుండా కూర్చుని, ఊపకుండా దిగాలి. 100 మి.మీ. ఫోర్కుకు ఆ టై 20 మి.మీ. దూరం జరిగి ఉంటే సరే. ఎక్కువ జరిగితే గాలి పెంచాలి, తక్కువైతే తగ్గించాలి. మన మే నెల ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి. తెల్లవారుజామున 80 పీఎస్ఐ నింపినది 42 డిగ్రీల ఎండలో నాలుగైదు పీఎస్ఐ పెరుగుతుంది కాబట్టి మీరు తొక్కే వేళలోనే సాగ్ చూసుకోవడం తెలివైన పని.

హ్యాండిల్ ఎత్తు పెరిగింది కాబట్టి స్టెమ్ కింది స్పేసర్లను పైకి మార్చి దాన్ని దించండి. సీటును పట్టాల మీద 10 మి.మీ. వరకు ముందుకు జరిపి, లేచిన ముక్కును కిందికి దించితే పెడల్ మీద కాలు పాత చోటికి వస్తుంది. స్టెమ్ 100 మి.మీ. పొడవున్నదైతే 70 లేదా 80 మి.మీ. స్టెమ్ వేయడం వల్ల, వాలు పెరిగి మందగించిన హ్యాండిల్ మళ్లీ చురుగ్గా తిరుగుతుంది.

మొదటి సవారీలు, తరువాతి సంరక్షణ

మొదటిసారి ఇంటి చుట్టుపక్కల చదును దారిలోనే తొక్కి, డిస్క్ కొత్తదైతే ఓ మోస్తరు వేగం నుంచి పదిహేను, ఇరవై సార్లు నిదానంగా బ్రేకు వేసి ప్యాడ్లను అలవాటు చేయండి. తిరిగి వచ్చాక హెడ్‌సెట్ ఆట, స్టెమ్ బోల్టులు మళ్లీ పరీక్షించాలి. కొత్తగా కూర్చున్న రేసు, కప్పులు కొద్దిగా సర్దుకోవడం వల్ల ఆట తిరిగి రావడం మామూలే. చీమకుర్తి క్వారీల వైపు దారుల్లో తిరిగితే ఫోర్కు కాళ్ల మీద చేరే రాతిపొడిని ప్రతిసారీ మెత్తటి గుడ్డతో తుడవండి, ఆ పొడి సీలు కిందికి చేరితే మెరుపు పూత గీసుకుపోతుంది. మైపాడు, కొత్తపట్నం తీరాలకు వెళ్లివచ్చినప్పుడు మంచినీళ్లతో మెల్లగా కడిగి ఆరబెట్టాలి. నీటిని గొట్టంతో సీళ్ల మీదికి నేరుగా చిమ్మకూడదు. కొత్త ఫోర్కుతో తిరిగే మొదటి కొన్ని నెలల్లో, వెల్డింగు దగ్గర చేసిన ఆ పరిశీలనను నెలకొకసారి మళ్లీ చేయండి. తీసేసిన పాత ఫోర్కును, దాని రేసునూ స్పేసర్లనూ ఒకే సంచిలో కట్టి ఉంచితే, చట్రం మీద ఎప్పుడైనా అనుమానం కలిగినప్పుడు సైకిలును ఒక్క పూటలో పాత స్థితికి తేవచ్చు.